లక్క ఇంటి ప్రూఫులు

ఫిబ్రవరి 3

నిట్టూర్పుల కవి రాసిన దీర్ఘకావ్యం మొదటి ప్రూఫు ఈరోజు నా బల్ల మీదికి వచ్చింది. నూటపన్నెండు పేజీలు. పేరు ‘లక్కింటి తల్లి’. కట్ట తెచ్చి పెడుతూ ప్రెస్సు ఓనరు, "మీ కథే కదమ్మా, మీరు దిద్దితేనే నిండుగా ఉంటుంది" అన్నాడు. తల పగిలినవాడి చేతికే దూది ఇచ్చి తుడుచుకోమన్నట్టు.

కథ కొత్తదేం కాదు. లక్క ఇంట్లో పెట్టి అయిదుగురు రాకుమారుల్నీ వాళ్ళ తల్లినీ కాల్చేద్దామని శత్రువులు చూస్తారు. వీళ్ళకి ముందే తెలుస్తుంది. తామే ఇంటికి నిప్పు పెట్టి సొరంగంలోంచి జారుకుంటారు. ఆ పూట తిండికి వచ్చి అక్కడే ఒళ్ళు తెలియకుండా పడుకున్న ఒక అడవి మనిషీ, ఆమె అయిదుగురు కొడుకులూ కాలిపోతారు. తెల్లారి బూడిదలో ఆరు శవాలు. లెక్క సరిపోయింది. ఊరంతా ఒక ఏడుపు ఏడ్చి ఇళ్ళకు పోయింది. ఆ ఆడమనిషికి ఓ పేరు పెట్టే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది.

మన కవిగారు ఆ ఆడమనిషి గొంతుతో రాశాడు. ఆలోచన మంచిదే. అయితే ఆయన జన్మలో చెయ్యి కాలింది లేదు. అందుకని నా దగ్గరికి వచ్చాడు. నిరుడు మూడు మధ్యాహ్నాలు ప్రెస్సు వెనకగదిలో రికార్డరు పెట్టుకుని కూర్చుని, "చెప్పండమ్మా, ఆ రోజు..." అని నిట్టూర్చాడు. చెప్పాను. నా పదహారో ఏట పరుపుల వర్కుషాపులో నిప్పంటుకోవడం, నేను బయటపడటం, అమ్మ అందులోనే పోవడం. ఇరవై రెండేళ్ళలో ఎవరూ అంత ఓపిగ్గా వినలేదు. అది ఓపిక కాదని, ఆకలి అని ఇప్పుడు తెలుస్తోంది.

ఏడో పేజీ: ‘ఎర్రతామరలై విచ్చుకున్నది అగ్ని’.

తామరలట! ఫోమ్ కాలితే ఎరుపు కనిపించదు నాయనా. నలుపు. పైనుంచి దుప్పటిలా దిగుతుంది. మోకాలి ఎత్తున మాత్రం కాస్త వెలుతురు మిగులుతుంది. మూలన రేడియో దాని పాటికి అది వాగుతూనే ఉంటుంది. ఇదంతా చెప్పాను. తల ఊపాడు. ఇంటికెళ్ళి తామరలు రాసుకున్నాడు.

ఫిబ్రవరి 4

నలభై పేజీలయ్యాయి. అచ్చుతప్పులు నూట ముప్ఫై ఒకటి. ఒత్తు పోతే పెట్టడానికి గుర్తుంది, దీర్ఘం ఎక్కువైతే తీసెయ్యడానికి గుర్తుంది. అబద్ధానికి గుర్తు లేదు.

నలభై ఒకటో పేజీ రేపు.

ఫిబ్రవరి 5

నలభై రెండో పేజీ నుంచి మొదలుపెట్టాను. ఏం, ఎక్కణ్ణుంచి మొదలుపెడితే ఏం?

ఫిబ్రవరి 8

అన్నాల దగ్గర మరదలు మొదలుపెట్టింది. ఆమె నర్సు. "వదినా, నాకు పెద్దాసుపత్రిలో పోస్టు వచ్చింది. వచ్చే నెలాఖరుకి చేరాలి" అంది. ఆ ఊరు రైల్లో అయిదు గంటలు. తమ్ముడు కంచంలోకి చూస్తూ, "అక్కడా లిఫ్టులుంటాయి కదక్కా. రిపేరు పని ఎక్కడైనా దొరుకుతుంది" అన్నాడు. ఇద్దరూ గదిలో రిహార్సలు వేసుకుని వచ్చారని తెలుస్తూనే ఉంది.

నేను అరవలేదు. నేనెప్పుడూ అరవను. "అమ్మ చివరిగా ఏం చెప్పిందిరా?" అని అడిగాను, అంతే.

వాడు ముద్ద కిందపెట్టాడు. "తమ్ముణ్ణి చూసుకో అంది."

"మరి?"

"సరే అక్కా."

అయిపోయింది. మరదలు లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది, గిన్నెలకి నొప్పి పుట్టేట్టు.

రెండే మాటలు. వాడు చదువు మానేసి పాటల బృందంతో ఊళ్ళు తిరుగుతానన్నప్పుడు పనిచేశాయి. మొదట ఇంకో పిల్లని పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు పనిచేశాయి. అంతా వాడి మంచికే. ఇప్పుడు వాడికి పని ఉంది, ఇల్లుంది, పెళ్ళాం ఉంది. ఏం తక్కువ చేశాను?

ఫిబ్రవరి 9

ఓనరు: "ఇంకెన్ని రోజులమ్మా? నెల తిరగ్గానే పుస్తకావిష్కరణ సభ."

అన్నీ అయ్యాయి, ఒక్క పేజీ ఉందన్నాను.

"ఒక్క పేజీకి ఇంత సేపా?"

ఫిబ్రవరి 11

పిన్ని వచ్చింది. అమ్మకి చెల్లెలు. రెండు వీధుల అవతల గదిలో పాతబట్టలు సరిచేసే పని చేస్తుంది. ఆ రోజు ఆమె కూడా అదే వర్కుషాపులో ఉంది. సొంత అక్క లోపల ఉండగా మెట్ల మీంచి దిగిపోయి ప్రాణం దక్కించుకున్న మనిషి. ఆదివారం ఆదివారం వచ్చి ఈ ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, ఏమీ ఎరగనట్టు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు వంగవు. కాఫీ గ్లాసు మూడు వేళ్ళతో పట్టుకుంటుంది. నేను కావాలనే పొగలు కక్కేంత వేడిగా ఇస్తాను. ఆమె కిందపెట్టి, చల్లారాక తాగుతుంది. ఒక్కసారీ ఏమీ అనలేదు.

దులిపేసుకునే మనుషులకి అన్నీ సుఖమే.

ఫిబ్రవరి 13

నలభై ఒకటో పేజీ.

లక్క ఇంట్లో అయిదుగురు కొడుకులు చాలలేదు కవిగారికి. పురాణంలో లేని కూతుర్ని ఒకదాన్ని పెట్టాడు. తల్లి ఆ పిల్లని కిటికీలోంచి బయటికి తోస్తుంది:

‘పో తల్లీ, పో
నా నీడ నిన్ను అంటుకోకముందే పో
వెనక్కి చూడకు
తమ్ముణ్ణి చూసుకో’

అచ్చుతప్పులు లేవు. ఒక్కటీ లేదు. పుస్తకం మొత్తంలో తప్పులేని పేజీ ఇదొక్కటే. ఎందుకంటే ఇది ఆయన రాయలేదు. నేను చెప్పింది చెప్పినట్టు దించాడు, ఆ నీడ తప్ప.

పది రోజుల నుంచి ఆయన తామరల మీద, నిట్టూర్పుల మీద పడి ఏడుస్తున్నాను. తామరల వల్ల ఎవరికీ నష్టం లేదు.

ఇక్కడ నేను తప్ప ఎవరూ చదవరు. రాస్తాను.

అమ్మ నన్ను తోయలేదు. ఏమీ అనలేదు. నేను నేలమీద పాకుతున్నాను. బాత్రూములో, నీళ్ళ గొట్టం కోసం ఊచలు తీసిన కిటికీ ఒకటుందని నాకు తెలుసు. వెనకనుంచి ఒక చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. వెనక్కి లాగింది. నేను విదిలించాను. వదల్లేదు. కొరికాను. పళ్ళు దిగాయి. వదిలింది. కిటికీలోంచి కింద రేకుల మీద పడ్డాను, లేచి వీధి చివరిదాకా పరిగెత్తాను. ‘వెనక్కి చూడకు’ అని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆస్పత్రి వసారాలో పదేళ్ళ తమ్ముడు వచ్చి, "అమ్మ నా గురించి ఏమన్నా అందా?" అని అడిగాడు. వాడి ముఖం చూసి లేదని ఎలా చెప్పను? ఆ మాట అప్పటికప్పుడు పుట్టింది. పుట్టినప్పుడు మంచిమాటే.

తర్వాత దాంతో నేను చేసిన పనులు పైన ఎనిమిదో తేదీ కింద ఉన్నాయి.

ఫిబ్రవరి 14

నిన్నటి కాయితం చింపబోయాను. వెనకవైపు రాసింది కూడా పోతుందని ఊరుకున్నాను. కారణాలు దొరకడం ఎంతసేపు!

ఫిబ్రవరి 17

కవిగారింటికి వెళ్ళాను. గోడల నిండా ఆయన ఫొటోలే. ఒక్కో దాంట్లో ఒక్కో శాలువా.

"నలభై ఒకటో పేజీ తీసెయ్యండి" అన్నాను.

ఆయన నిట్టూర్చాడు. "అది కావ్యానికి గుండెకాయమ్మా. చదివి మా ఆవిడే ఏడ్చింది. టీవీ చూస్తూ కూడా ఏడవని మనిషి."

"అది జరగలేదండి."

"జరిగింది వేరు, సత్యం వేరు."

"సత్యం సంగతి నాకు తెలియదు. మా అమ్మ నన్ను తోయలేదు."

కుర్చీలో ముందుకు వంగాడు. కళ్ళు వెలిగాయి. "మరి? ఏం జరిగింది తల్లీ?" ఎంత మెత్తగా అడిగాడో! అడుగుతూనే చెయ్యి దాని పాటికి అది చొక్కా జేబు దగ్గరికి పోయింది, పెన్ను కోసం.

నోటిదాకా వచ్చింది మింగేశాను. "ఏమీ లేదండి. మర్చిపోయాను" అన్నాను.

"మరుపు కూడా గాయమే" అని, దాన్ని కూడా రాసుకున్నాడు. గుమ్మందాకా వచ్చి, "సభకి తమ్ముణ్ణి కూడా తీసుకురండి. వేదిక మీద మీరిద్దరూ ఉంటే నిండుగా ఉంటుంది" అన్నాడు.

వీళ్ళందరికీ నిండుతనం పిచ్చి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తొంభయ్యో పేజీలో ఒక పాదం ఉంది: ‘లెక్కకు ఆరుగురం, అడిగితే ఎవరం?’ దాన్ని తప్పు పట్టడానికి మూడుసార్లు చూశాను. దొరకలేదు. అది నేను చెప్పింది కాదు. ఈ మనిషికి అది ఎలా తట్టిందో తెలియక ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి 25

పిన్ని వచ్చింది. సభ కార్డు తమ్ముడు ఇచ్చాడట. "పుస్తకంలో నేనున్నానా?" అంది.

ఎక్కడో మండింది. ప్రూఫు కట్ట తీసి నలభై ఒకటో పేజీ ఆమె ఒళ్ళో పడేశాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి, పెదాలు కదుపుతూ చదివింది. చదివి చిన్నగా నవ్వింది.

"బాగా రాశాడు. ‘మీ అక్కయ్య ఇంత మెత్తగా ఎన్నడూ మాట్లాడలేదే’ అని మీ బాబాయి ఉంటే నాతో అనేవాడు."

"నవ్వొస్తోందా? సొంత అక్కని వదిలేసి మెట్లు దిగావు. నీకేం, నవ్వుతావు."

ఇరవై రెండేళ్ళు కడుపులో ఉంచుకున్న మాట. అనేశాక హాయిగా ఉంటుందనుకున్నాను.

పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నేను ఒక్కదాన్నే దిగలేదే. నిన్ను కూడా లాక్కెళ్దామని చూశాను. నువ్వే కొరికావు."

నేను ఆ కొరికిన సంగతి ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి, కవికి, పోలీసులకి, ఎవరికీ. ఈ డైరీకి తప్ప. ఈ డైరీ బీరువాలో బట్టల కింద ఉంది, తాళం నా మెడలో ఉంది.

"అది అమ్మ చెయ్యి" అన్నాను.

"అమ్మ చెయ్యెక్కడిది? మీ అమ్మ దారం కండెల కోసం స్టోరు గదిలోకి వెళ్ళింది. నిప్పు పుట్టిందే ఆ గది గుమ్మం దగ్గర. అక్క మనవైపు రానేలేదు. నేను రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ పలకలేదు. అప్పుడు నీకోసం వెతికాను. పొగలో నీ చెయ్యి దొరికింది. మెట్లవైపు లాగాను. నువ్వు కిటికీవైపు గుంజుకున్నావు." మణికట్టు తిప్పి చూపించింది. వంగని వేళ్ళ కింద, కాలిన మచ్చ అంచున, చిన్న చంద్రవంకలా ఒక గీత. "వేళ్ళు తర్వాత షట్టరు పట్టుకుని కాలాయి. ఇది మాత్రం నీదే."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎప్పుడడిగావు? ఆస్పత్రిలో నేను కళ్ళు తెరిచేసరికి, అమ్మ ఇలా అంది అలా అంది అని పిల్లాడికి చెప్తున్నావు. పదహారేళ్ళ పిల్లవి. వాడేమో ఆ మాట పట్టుకుని అన్నం తింటున్నాడు. నేను ‘అబద్ధం’ అని అరవనా? తర్వాత చెబుదామనుకున్నా. తర్వాత నువ్వు నాతో మాట్లాడటం మానేశావు." గ్లాసు కేసి చూసింది. "నన్ను కొరికినందుకు సిగ్గుపడుతున్నావేమో, అందుకే దూరంగా ఉంటున్నావేమో అనుకున్నానే. కాఫీ కూడా అందుకే అంత వేడిగా ఇస్తున్నావు, కంగారులో అనుకున్నా."

ఇరవై రెండేళ్ళు.

 ఆమె కొంగుతో కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుని, "వస్తానే" అని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 26

ప్రెస్సుకి వెళ్ళాను. వచ్చాను.

ఫిబ్రవరి 28

అమ్మ చెయ్యి కొరికానని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా మోశాను. కొరికింది పిన్నిని. తేలిక పడాలి కదా? పడలేదు. ఎవరి చెయ్యో చూసుకుని కొరకలేదు నేను. అమ్మ చెయ్యైనా కొరికేదాన్నే.

కవిగారికి కథలో పాత్రలు తారుమారయ్యాయి. నేను ఆ అడవి మనిషి కూతుర్ని కాను. సొరంగంలోంచి జారుకున్నవాళ్ళ వైపు మనిషిని. వాళ్ళు కూడా బయటికొచ్చాక ఏదో ఒకటి చెప్పుకునే ఉంటారు, విధి అనో, ధర్మం అనో. నాలుగు ముక్కలు కట్టుకుని, వాటిమీద రాజ్యాలు కూడా ఏలుకున్నారు.

నా రాజ్యం ఎంత? రెండు గదులు, ఒక తమ్ముడు.

మార్చి 2

చెప్పేశాను. మరదలు డ్యూటీకి వెళ్ళాక, వాడు బూట్లు వేసుకుంటుంటే, నిలబడే చెప్పాను. "అమ్మ నిన్ను చూసుకోమని అనలేదు. నేను కల్పించాను." పిన్ని చెప్పింది, నేను కొరికింది, అన్నీ.

వాడు ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని విన్నాడు.

"నువ్వు పాటల బృందంతో వెళ్ళొద్దన్నప్పుడు అన్నావే, అది?"

"అదీ నా మాటే."

"ఆ అమ్మాయి సంగతిలో?"

"అదీ."

అరుస్తాడనుకున్నాను. చెప్పుతో కొడతాడనుకున్నాను, చేతిలో బూటు ఉందిగా. రెండో బూటు వేసుకున్నాడు. లేసు రెండుసార్లు ముడేశాడు. "లిఫ్టు ఆగిపోయిందట, మనుషులు లోపల ఉన్నారు. వెళ్ళాలి" అని వెళ్ళిపోయాడు.

మార్చి 5

మాట్లాడటం లేదు. మరదలు రెండు పెట్టెలు సర్దింది. నాకు అన్నం వడ్డిస్తోంది, మర్యాదగా. మర్యాద ఇంత ఘోరంగా ఉంటుందని తెలియదు.

మార్చి 9

సభ. వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. తమ్ముడు రాలేదు. పిన్ని వచ్చి చివరి వరసలో కూర్చుంది.

కవిగారు నలభై ఒకటో పేజీ చదివాడు. ‘తమ్ముణ్ణి చూసుకో’ దగ్గర గొంతు వణికించాడు. హాలంతా ముక్కులు చీదుకుంది. మా ఓనరు కూడా. తర్వాత నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. 

"ఆ చివరి మాట మా అమ్మ అనలేదండి. నేను అబద్ధం చెప్పాను. కవిగారు నమ్మారు. మా అమ్మ నన్ను తోయలేదు, ఆమె నా దగ్గరికే రాలేకపోయింది. నా చెయ్యి పట్టుకున్న మనిషి అదిగో అక్కడ కూర్చుంది. ఆమెని కొరికి నేను పారిపోయాను."

 ఇక పడుతుంది దెబ్బ, కావ్యం కూలుతుంది అనుకున్నాను.

కవిగారు లేచి మైకు అందుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "చూశారా! గాయపడిన జ్ఞాపకం తనని తాను ఎలా శిక్షించుకుంటుందో! ఈ కావ్యం చెప్పేది ఇదే" అన్నాడు. హాలు హోరెత్తింది. చప్పట్లు ఆగలేదు.

వీళ్ళకి నిజం కూడా తామరే.

పిన్ని చప్పట్లు కొట్టలేదు. ఆ వంగని వేళ్ళతో కొట్టలేక అనుకుందామన్నా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నాకేసి చూస్తోంది. బయటికొచ్చాక, "మంచినీళ్ళు తాగు, ముఖం పాలిపోయింది" అంది. ఆమె సీసాలో తాగాను. "పిన్నీ, నొప్పెట్టిందా అప్పుడు?" అని అడిగాను. ఎంత చేతగాని ప్రశ్న!

"పెట్టదా మరి? కుక్కపిల్లలా కొరికావు" అంది.

మార్చి 15

సాయంత్రం పని నుంచి వచ్చి తమ్ముడు నా గదిలోకి వచ్చాడు. పదమూడు రోజుల తర్వాత. మంచం చివర కూర్చుని, చేతులకున్న గ్రీజు చూసుకుంటూ, "వచ్చే శుక్రవారం వెళ్తున్నాం" అన్నాడు.

"వెళ్ళండి."

"నీ మీద కోపం పోలేదు."

"పోవద్దులే."

గోటితో గ్రీజు మరక గీకాడు. తర్వాత, "అయితే అమ్మ నిజంగా చివరిగా ఏమందో చెప్పు. ఈసారి కట్టుకథ వద్దు" అన్నాడు.

నిజానికి నేను దాన్ని ఎన్నడూ వెతుక్కోలేదు. దొంగమాట ఉంటే అసలుది ఎవరికి కావాలి? కళ్ళు మూసుకుని వెతికాను. వర్కుషాపులో మెషీన్ల హోరు, మాటలేమీ లేవు. వెనక్కి వెళ్ళాను. పొద్దున. వాడికి జ్వరం. పరీక్ష ఎగ్గొట్టడానికి దొంగజ్వరం అని నేను ఏడిపించాను. వాడు దిండు విసిరాడు. అది అమ్మ జడ వేసుకుంటున్న అద్దానికి తగిలింది.

"మీ ఇద్దరి గోలతో చస్తున్నాను, నోళ్ళు మూసుకోండి వెధవల్లారా అంది" అన్నాను. "అదే. తలుపు వేసుకుని ముందు వెళ్ళిపోయింది. నేను వెనకాల పరిగెత్తాను."

వాడు నాకేసి చూశాడు.  ఏడుస్తాడనుకున్నాను. ఫక్కున నవ్వాడు.

"అది అమ్మ!" అన్నాడు. "అక్కా, అది అమ్మే!" నడుం మీద చేతులు పెట్టుకుని, మెడ పక్కకి వాల్చి, "నోళ్ళు మూసుకోండి వెధవల్లారా" అని అమ్మలా అన్నాడు. ఆ మెడ వాలు నేను మర్చేపోయాను. ఇరవై రెండేళ్ళుగా మా ఇంట్లో తిరుగుతున్న ఆ మెత్తని తల్లి ఎవరో మాకు తెలియదు. ఇదిగో, ఇప్పుడొచ్చింది మా అమ్మ, చిరాకు ముఖంతో.

నవ్వుతూ నవ్వుతూ వాడు ఏడ్చాడు. నేను కూడా. మరదలు గుమ్మంలోకి వచ్చి ఇద్దర్నీ చూసి వెళ్ళిపోయింది.

మార్చి 17

ఓనరు చెప్పాడు, రెండో ముద్రణట. నలభై ఒకటో పేజీ అలాగే ఉంచుతారట. ఉంచుకోనీ. ఆ తల్లి ఎవరో వాళ్ళ తల్లి.

మార్చి 22

నిన్న సామాను వెళ్ళింది. ఈరోజు వాళ్ళు వెళ్ళారు.

ఇది రాసేముందు తమ్ముడు ఫోన్ చేశాడు. చేరారట. నీళ్ళు మంచివేనా, గదికి గాలి వస్తుందా, గొళ్ళెం గట్టిదేనా, పైవాళ్ళు ఎలాంటివాళ్ళు అన్నీ ఒక్కసారిగా నోట్లోకి వచ్చాయి. పళ్ళ మధ్య పట్టుకుని ఊరుకున్నాను.

"అక్కా? లైన్లో ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాను" అన్నాను.